జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు

ఈ నెల నా ఇన్‌బాక్సులో ఫోన్ల గురించి అడిగినవాళ్లకన్నా బండ్ల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. ఎండలు ముదిరితే అంతేనేమో. ఫోన్లు వేడెక్కుతాయి, ఇంజన్లు వేడెక్కుతాయి, మనుషులూ వేడెక్కుతారు. వనపర్తి నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, క్లచ్ ప్లేట్ మార్చినం అని 9 వేలు తీసుకున్నరు. నెల తిరగకముందే మళ్ల అదే జారుడు. అడిగితే నీ డ్రైవింగే అట్లుంది అంటున్నరు." నాగర్‌కర్నూల్ నుంచి ఒక చెల్లి రాసింది: బంపర్ పెయింటింగ్‌కి ఇచ్చిన కారు మూడు రోజులన్నది ఇరవై రెండు రోజులు షెడ్డులో ఉంది, ఇంటికొచ్చేసరికి మీటర్ మీద 140 కిలోమీటర్లు ఎక్కువ కనిపిస్తున్నాయి. గద్వాల నుంచి మాత్రం మెసేజ్ రాలేదు, ఫోనే వచ్చింది. మా చిన్నమామది. ఆ సంగతి కాస్త ఆగి చెప్తా.

మా వైపు తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. 2016 దసరా రోజు, అక్టోబర్ 11న, పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఈ మూడూ విడివిడి జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, కొత్త రోడ్లు పడ్డాయి, ఇంటి ముందు కారు కనిపించడం మామూలైపోయింది. కానీ చాలా కంపెనీల కార్లకు సర్వీసంటే ఇప్పటికీ వేరే ఊరి ప్రయాణమే. మహబూబ్‌నగర్, కర్నూలు, లేదంటే హైదరాబాద్. గద్వాల వాళ్లలో కొందరు రాయచూరు కూడా పోతారు. అంటే ఒకే ఊరి బండ్లు మూడు రాష్ట్రాల్లో రిపేరవుతాయన్నమాట. మిగతాదంతా చౌరస్తాల్లో షెడ్ల మీదే నడుస్తుంది. ఎర్రవల్లి చౌరస్తా, పెబ్బేరు, కొత్తకోట, బిజినేపల్లి, కల్వకుర్తి... 44వ నంబర్ జాతీయ రహదారి మీదైనా, శ్రీశైలం రోడ్డు మీదైనా బండి ఆగితే మనల్ని ఆదుకునేది వాళ్లే.

అందుకే మా దగ్గర ఫిర్యాదులు రెండు రకాలుగా ఉంటాయి. పెద్ద సర్వీస్ సెంటర్‌లో పేపరు ఉంటుంది, మాట్లాడే మనిషి దొరకడు. "సిస్టమ్ల అట్లనే చూపిస్తుంది సార్" అంటారు. షెడ్డులో మనిషి ఎదురుగానే ఉంటాడు, పేపరు ఉండదు. బిల్లు అడిగితే మొహం మాడుస్తాడు: "ఏందన్నా, మన మనుషుల మధ్య బిల్లులేంది?" మరి ఆయన మీ మేనత్త కొడుకు క్లాస్‌మేటో, మీ నాన్న స్కూటర్ చూసినాయనో అయి ఉంటాడు. గట్టిగా అడగలేం. అడగకుండా ఉంటే కడుపు మండుతుంది.

సరే, చిన్నమామ సంగతి. ఆయనది సొంత ట్యాక్సీ, తనే డ్రైవరు. గద్వాల నుంచి అలంపురం, మంత్రాలయం, శ్రీశైలం ట్రిప్పులు, పెళ్లిళ్ల సీజన్‌లో హైదరాబాద్. ఏప్రిల్‌లో ఒకరోజు అలంపురంలో బండి ఆపాడు. ప్యాసింజర్లు జోగులాంబ దర్శనానికి వెళ్లారు. పసిపిల్లతో ఒక పెద్దమ్మ మాత్రం ఏసీ వేసుకుని బండిలోనే కూర్చుంది. ఇరవై నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపి హైవే ఎక్కి 80 స్పీడులో పోతే ముల్లు దానంతటదే దిగింది. వారం తర్వాత హైదరాబాద్‌లో ఆరాంఘర్ ట్రాఫిక్‌లో మళ్లీ అదే కథ. నిలబడితే వేడి, పరుగెత్తితే చల్లన.

కర్నూలులో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాడు. కౌంటర్ దగ్గరున్న పిల్లగాడికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అతను జాబ్ కార్డు మీద రాసింది మూడే మాటలు: హీటింగ్ ప్రాబ్లమ్, చెక్. మామ సంతకం పెట్టి బస్సెక్కి వచ్చేశాడు.

రేడియేటర్ మార్చారు. వాటర్ పంపు మార్చారు. థర్మోస్టాట్, కూలెంట్ కూడా బిల్లులో ఉన్నాయి. మొత్తం 23,600. పదకొండు రోజులు తిరిగింది. పన్నెండో రోజు కొత్తకోటలో పెళ్లి ఊరేగింపు వెనక ఇరుక్కుపోయి, పక్కకు తీసి ఆపేలోపే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఈసారి హెడ్ గ్యాస్కెట్ పోయింది. సెంటర్ వాళ్లు చెప్పిన మాట: "వేడెక్కినప్పుడు ఆపకుండ నడిపినవ్. అది మా పనికి సంబంధం లేదు. ఇంకో 38 వేలైతది."

ఇక్కడ కాసేపు ఇంజనీరుగా మాట్లాడనివ్వండి. నిలబడినప్పుడు ఏసీతో వేడెక్కే బండి, హైవే మీద చల్లబడుతుంటే ముందు చూడాల్సింది రేడియేటర్ ఫ్యాను. ఎందుకంటే 80 స్పీడులో ముందు నుంచి కొట్టే గాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పని ఉండదు. బండి నిలబడ్డప్పుడు ఆ పనంతా ఫ్యానే చేయాలి. అదే రేడియేటర్ పూడుకుపోయినా, కూలెంట్ సరిగ్గా తిరగకపోయినా, లోడు మీద స్పీడుగా పోయేటప్పుడే ముల్లు లేచే అవకాశం ఎక్కువ. అంటే చిన్నమామ నోటితో చెప్పిన దాంట్లోనే సగం జవాబు ఉంది. అది జాబ్ కార్డు దాకా రాలేదు. లోపల స్పానర్ పట్టుకున్న మనిషి మామతో ఎన్నడూ మాట్లాడలేదు. అతని చేతికి వెళ్లింది ఆ మూడు మాటలే.

ఆఫీసులో మాకు "యాప్ పనిచేయట్లేదు" అని టికెట్ వస్తే వెనక్కి పంపిస్తాం. ఏ ఫోను, ఏ వెర్షను, ఏ బటన్ నొక్కితే, ఎన్నిసార్లకు ఒకసారి... ఇవి లేకుండా బగ్ దొరకదని జూనియర్లకు మొదటి వారమే నేర్పిస్తాం. లక్షలు పోసి కొన్న బండిని మాత్రం మూడు మాటల టికెట్ మీద అప్పజెప్పమంటారు.

ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఒక భాయ్ షెడ్డు ఉంది. అక్కడికి టోచన్ కట్టి తీసుకొచ్చాక ఆయన చేసిన మొదటి పని ఏసీ వేసి బండిని ఊరికే నిలబెట్టడం. ఫ్యాను తిరగలేదు. రిలే పోయింది. దాని ఖరీదు వందల్లోనే. ఇంకోటి కూడా ఆయనే చూపించాడు. హౌసింగ్ విప్పితే లోపలున్న థర్మోస్టాట్ పాతదే. సున్నం పట్టి తుప్పెక్కి ఉంది. బిల్లులో మాత్రం కొత్తది. "పన్నెండు రోజులల్ల ఇంత సున్నం పడుతదా సార్?" అన్నాడు. దాన్ని అక్కడే, బండి నంబర్ ప్లేటు కనిపించేలా వీడియో తీయించాను.

ఎర్రవల్లిలో మంచోళ్లు, కర్నూలులో చెడ్డోళ్లు అని చెప్పడానికి ఇది రాయట్లేదు. తిరగేసిన కథలు కూడా నాకు బోలెడు వచ్చాయి. నాకు అర్థమైంది ఇది: రిపేరు గొడవలో గెలుపోటములు బండి చెడిపోయాక తేలవు, అప్పజెప్పేటప్పుడే సగం తేలిపోతాయి. పెబ్బేరు సంతలో ఎద్దును కొనేటోడు పళ్లు చూడకుండా పగ్గం పట్టుకోడు. మనం జాబ్ కార్డు చదవకుండా తాళం ఇచ్చేస్తాం.

కాబట్టి ముందు జాబ్ కార్డు గురించే. అందులో మన మాటలు ఉండాలి, వాళ్ల తీర్మానం కాదు. "క్లచ్ ప్లేట్ మార్చాలి" అని మనం చెబితే వాళ్లు మార్చేస్తారు. తప్పు క్లచ్‌లో లేకపోతే ఆ ఖర్చు మన నెత్తినే పడుతుంది. "మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతోంది, స్పీడు పెరగట్లేదు, వారం నుంచి" అని చెబితే కారణం వెతికే బాధ్యత వాళ్లది. రాసే పిల్లగాడు పొట్టిగా రాస్తే ఓపిగ్గా "తమ్మీ, ఇది కూడా రాయి" అనండి. ఆ రోజు మీటర్ రీడింగ్, ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది, బండికి ముందే ఉన్న గీతలు కూడా ఎక్కాలి. డ్యాష్‌బోర్డుకు ఒక ఫొటో, బండి చుట్టూ ఒక వీడియో. రెండు నిమిషాలు పట్టదు.

షెడ్డు అన్న దగ్గర జాబ్ కార్డు ఉండదు కదా అంటారు. వాట్సాప్ ఉంది కదా. అక్కడే నిలబడి ఆయనకు మెసేజ్ పెట్టండి: "అన్నా, బండి ఇచ్చిన. మీటర్ 61,240. ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేక్ వేస్తే కీచు శబ్దం. ఖర్చు 3 వేలు దాటేటట్టుంటే ముందు ఫోన్ చెయ్యి." ఆయన "సరే అన్నా" అంటాడు, లేదంటే బొటనవేలు గుర్తు పెడతాడు. తేదీ, టైముతో సహా రికార్డు తయారైంది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. బిల్లు అడిగితే మొహం మాడ్చే మనిషి కూడా వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఏమనడు. డబ్బులు కూడా చేతికిచ్చే బదులు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపి, కింద నోట్‌లో "బ్రేక్ ప్యాడ్లు, కారు నంబర్ ఫలానా" అని రాయండి.

మార్చిన పాత పార్టు వెనక్కి అడగండి. ఇది నేను అందరికీ చెప్పే మాట. పాత ప్యాడ్లు, పాత ఫిల్టర్, పాత క్లచ్ ప్లేట్, ఏదైనా. "స్క్రాపులో పడేసినం" అంటే ఒక్క క్షణం ఆలోచించండి. ఇన్సూరెన్స్ క్లెయిములోనో, వారంటీ కింద మార్చినప్పుడో పాతది వాళ్లు ఉంచుకోవడానికి కారణం ఉంటుంది. మన జేబులోంచి కట్టిన పనికి ఆ కారణం లేదు. ముందే జాబ్ కార్డులో "పాత పార్టులు తిరిగి ఇవ్వాలి" అని రాయిస్తే చాలా మాయలు మొదలు కాకుండానే ఆగిపోతాయి.

టెక్ కాలమ్ కాబట్టి ఒక బొమ్మ గురించి కూడా చెప్పాలి. ఓబీడీ స్కానర్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు గుచ్చి, బ్లూటూత్‌తో ఫోనుకు కలుపుకునేది. మామూలువి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. కూలెంట్ టెంపరేచర్ ఎంతో, ఏ కోడ్ పడిందో ఫోనులో కనిపిస్తుంది. పీ0300 అంటే ఇంజన్ మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. కోడ్ అనేది రోగం పేరు కాదు, లక్షణం పేరు. దాన్ని పట్టుకుని మెకానిక్‌కు పాఠం చెప్పకండి. కానీ ఒకటి తెలుసుకోండి. కొన్ని చోట్ల రిపేరు చేయకుండా కోడ్ చెరిపేసి పంపిస్తారు. చెక్ ఇంజన్ లైటు ఆరిపోతుంది, మనం మురిసిపోతాం, నాలుగు రోజులకు మళ్లీ వెలుగుతుంది. కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు తమ మెమరీలో దాచుకుంటాయి, స్కానర్ యాప్‌లో ఆ లెక్క చూడొచ్చు. సర్వీస్ ముందు ఒక స్క్రీన్‌షాట్, తర్వాత ఒకటి. నాకైతే ఈ ఫీచర్ చాలా ముద్దొస్తుంది.

ఇక చట్టం. నిద్ర రాకుండా చెప్తా.

ఇప్పుడున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. 1986 నాటి పాత చట్టం స్థానంలో తెచ్చారు. మా మూడు జిల్లాల వాళ్లకు ఇందులో బంగారం లాంటి మార్పు ఒకటి ఉంది. పాత చట్టంలో కర్నూలు షాపు మీద కేసంటే కర్నూలు పోవాల్సిందే, రాయచూరు షాపైతే రాయచూరు. ఫిర్యాదు చేయాలంటే వాళ్ల ఆఫీసు ఉన్న చోటో, గొడవకు కారణమైన పని జరిగిన చోటో వేయాలి. కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం మనం నివసించే చోట, లేదా మనం పనిచేసుకుని బతికే చోట కూడా వేయొచ్చు. గద్వాల మనిషి ఆంధ్రా సర్వీస్ సెంటర్ మీద, కర్ణాటక సర్వీస్ సెంటర్ మీద మహబూబ్‌నగర్‌లోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. మూడు రాష్ట్రాల మధ్య బండి తిప్పే మాలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. 2020లో ఈ-దాఖిల్ అని మొదలైంది, 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు సున్నా. మామూలు రిపేర్లన్నీ ఇందులోకే వస్తాయి. లాయర్ తప్పనిసరి కాదు. వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవుతానని అర్జీ పెట్టుకోవచ్చు. చట్టంలో రాసుకున్న గడువు, అవతలివాళ్లకు నోటీసు అందాక మూడు నెలలు, పార్టును ల్యాబులో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలలు. అది కాగితం మీది గడువు. వాయిదాలు పడతాయని తెలిసే వెళ్లాలి.

బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం "అనుచిత వ్యాపార విధానం" అంటుంది, అందులో విడిగా రాసి ఉంది. "మాకు జీఎస్టీ లేదన్నా, అందుకే బిల్లు లేదు" అనే మాట వింటుంటాం. రిపేర్ల లాంటి సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిజమే. అది లేనంత మాత్రాన రసీదు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. పేరు, తేదీ, చేసిన పని, తీసుకున్న డబ్బు, సంతకం ఉన్న మామూలు కాగితం కూడా రసీదే. రిజిస్ట్రేషన్ ఉన్న చోట పార్టుల మీద పన్ను శాతం కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ 18 శాతమే. ఇంకా 28 వేసి ఉంటే ఎందుకో అడగండి.

"సేవలో లోపం" అనే మాటకు కూడా చట్టంలో వెడల్పైన అర్థం ఉంది. పని సరిగ్గా చేయకపోవడమే కాదు, కావాలని విషయం దాచడం కూడా లోపమే. మార్చని థర్మోస్టాట్‌కు డబ్బు తీసుకోవడం దేని కిందకు వస్తుందో మీరే చెప్పండి.

నాగర్‌కర్నూల్ చెల్లికి జవాబు ఇంకా పాత చట్టంలో ఉంది: 1872 కాంట్రాక్ట్ చట్టం. బాగుచేయమని మన వస్తువును ఒకరి చేతికి అప్పగిస్తే, మామూలు వివేకం ఉన్న మనిషి అలాంటి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో వాళ్లు దీన్నీ అలాగే చూసుకోవాలి. ఒప్పుకున్న పనికి కాకుండా సొంతానికి వాడుకుంటే, ఆ వాడకంలో జరిగిన నష్టం వాళ్లే కట్టాలి. బంపర్‌కు రంగు వేయడానికి 140 కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్ అక్కర్లేదు కదా. ఇదే చట్టం మెకానిక్ వైపూ మాట్లాడుతుంది. శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడికి కూలి ఇచ్చేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు ఉంది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ వజ్రానికి సానపట్టేవాడిది, దర్జీది. కార్లు లేని కాలం మరి. కాబట్టి గొడవపడి "డబ్బు ఇవ్వను, బండి ఇవ్వు" అని షెడ్డు ముందు ధర్నా చేస్తే చట్టం మన పక్కన నిలబడదు. డబ్బు కట్టండి. బిల్లు మీదే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, ఫలానా పని మీద వివాదం ఉంది" అని రాసి సంతకం పెట్టండి. బండి బయటికొస్తుంది, మన హక్కూ పోదు.

ఇప్పుడు మెకానిక్‌ల పక్షాన కూడా రెండు మాటలు. చిన్న షెడ్లలో పని ఎందుకు తేడా కొడుతుందో చూస్తే తప్పంతా వాళ్లది కాదు. శంషేర్ కటారియా అనే ఆయన ఫిర్యాదుతో మొదలైన కేసులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కారణం, ఒరిజినల్ పార్టులను, రిపేరు మాన్యువళ్లను, డయాగ్నస్టిక్ పరికరాలను బయటి మెకానిక్‌లకు దొరకనివ్వకపోవడం. బయట రిపేరు చేయించాడనే ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామని షరతు పెట్టకూడదనీ ఆ ఆర్డరులో ఉంది. కంపెనీలు ఆ తర్వాత పై కోర్టులకు వెళ్లాయి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఆటోమొబైల్ కూడా అందులో ఒక రంగం. వనపర్తి షెడ్డులో కుర్రాడు యూట్యూబ్ చూసి వైరింగ్ నేర్చుకుంటున్నాడంటే అందులో అతని తప్పెంత, మాన్యువల్ దాచిపెట్టినవాళ్ల తప్పెంత?

ఇంకోటి మన తప్పు. డాక్టర్‌కు చూసినందుకే ఫీజు ఇస్తాం. మెకానిక్‌కు చూసినందుకు ఇవ్వం, మార్చినందుకే ఇస్తాం. గంటసేపు వెతికి రిలే పోయిందని కనిపెట్టినవాడికి రిలే మీద మిగిలేది యాభై రూపాయలు. వెతక్కుండా రేడియేటర్ మార్చేసినవాడికి వేలు మిగులుతాయి. ఇక వెతికేదెవరు? ఎర్రవల్లి భాయ్‌కి మామ 500 "చూసినందుకు" అని విడిగా ఇస్తే ఆయన మొదట తీసుకోలేదు.

అన్ని పార్టుల్లోనూ బేరం ఆడండి, బ్రేకుల్లో మాత్రం వద్దు. ముఖ్యంగా నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు వాళ్లు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రి 9 తర్వాత రోడ్డే మూసేస్తారు. శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు నాసిరకం ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేస్తే అక్కడ వినియోగదారుల కమిషన్ ఏం చేస్తుంది? ప్యాడ్ల డబ్బా మీ కళ్లముందే తెరవమనండి, డబ్బా ఫొటో తీసుకోండి, బిల్లులో కంపెనీ పేరు, పార్ట్ నంబర్ రాయించండి.

చిన్నమామ కేసు ఎటు తేలిందో చెప్పాలి కదా. ఒక పేజీ ఉత్తరం రాశాం. తిట్లు లేవు. ఏ తేదీన ఇచ్చాడు, ఏం చెప్పాడు, జాబ్ కార్డులో ఏం రాశారు, ఏం మార్చామన్నారు, ఏం మార్చలేదు, మళ్లీ ఎప్పుడు ఆగింది, మాకేం కావాలి, ఎన్ని రోజుల్లోగా కావాలి. దానితో బిల్లు, ఫొటోలు, థర్మోస్టాట్ వీడియో లింకు. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. దాంతోపాటు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు. తీర్పు చెప్పే అధికారం వాళ్లకు లేదు, కానీ ఫిర్యాదు నంబర్ పడ్డాక కౌంటర్ దగ్గర మాట తీరు మారుతుంది. మాకూ మారింది. "నడిపింది నువ్వే" అన్నవాళ్లు మేనేజర్‌తో మాట్లాడించారు.

థర్మోస్టాట్ డబ్బు, దాని కూలి వెనక్కిచ్చారు. హెడ్ గ్యాస్కెట్ పని కూలి లేకుండా, పార్టుల ఖర్చుతో చేశారు. రేడియేటర్ సంగతి ఎత్తితే అది అవసరమే అని పట్టుబట్టారు. బండి ఆగిన 19 రోజుల కిరాయికి పైసా లేదు. నాకు నచ్చలేదు. కమిషన్‌కు పోదాం మామా అన్నాను. ట్యాక్సీ కదా, వ్యాపారం కదా, మనకు హక్కుండదేమో అని ఆయన అనుమానం. ఉంటుంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, సొంతంగా నడుపుకుని బతకడానికి ట్యాక్సీ కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడేనని. కొత్త చట్టమూ స్వయం ఉపాధిని అలాగే చూస్తుంది. నాలుగు బండ్లు కొని డ్రైవర్లను పెట్టి తిప్పే యజమాని సంగతి వేరు.

అదంతా విని మామ అన్నాడు: "అల్లుడా, బండి తిరిగితెనే ఇంట్ల పొయ్యి వెలుగుతది. పెళ్లిళ్ల సీజన్ పోతే మళ్ల శ్రావణం దాక ఖాళీ. నువ్వు రాసుకో, నేను బండి తీస్కపోత." వాదించలేదు. ఆయన లెక్క ఆయనది. రాజీకి ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితంలో మాత్రం "పూర్తి, తుది పరిష్కారం" అన్న లైను కొట్టించి, ఏ పనికి ఎంత వెనక్కిచ్చారో మాత్రమే ఉంచాం. ఇలాంటి కాగితాలు చేతిలో పెట్టినప్పుడు ఆ లైను వెతకండి.

వనపర్తి తమ్ముడికి: నువ్వు పాత క్లచ్ ప్లేట్ తెచ్చుకోలేదన్నావు, బిల్లు మాత్రం ఉందన్నావు. అది చాలు, మొదలుపెట్టొచ్చు. వేరే మెకానిక్‌తో విప్పించే ముందు పాత షాపు వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు, ఫలానా రోజు విప్పిస్తున్నాను, వచ్చి చూసుకోండి అని. వాళ్లు రాకపోయినా ఫరవాలేదు, పిలిచినట్టు రుజువుంటుంది. విప్పిన మెకానిక్‌తో ఏం కనిపించిందో లెటర్‌హెడ్ మీద రాయించు. ఇలాంటి కేసుల్లో మన మాటకన్నా చేయి తిరిగిన మూడో మనిషి రాసిచ్చిన కాగితానికే బరువెక్కువ. లోపం నిజంగా నీ డ్రైవింగ్‌లోనే ఉందని ఆయన చెబితే, కేసు ఖర్చు తప్పుతుంది.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, గొడవ మొదలైన రోజు నుంచి. కొన్ని బిల్లులు థర్మల్ పేపర్ మీద వస్తాయి, ఏటీఎం స్లిప్పుల్లాగా. మా మామ డ్యాష్‌బోర్డులో పెట్టిన పోయినేడాది బిల్లు తీసి చూస్తే షాపు పేరు కూడా కనపడలేదు, తెల్ల కాగితం మిగిలింది. కౌంటర్ దగ్గరున్నప్పుడే ఫొటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.